ఉగ్గుగిన్నెలో ఎలక్ట్రాన్ ఆవేశం: తొమ్మిది విడతల ప్రాజెక్టు డైరీ

విద్యుద్విశ్లేషణతో, అంటే ద్రావణం గుండా కరెంటు పంపి, రాగి రేకు మీద రాగిని పేర్చి, పేరిన బరువు నుంచి ఎలక్ట్రాన్ ఆవేశాన్ని లెక్కగట్టవచ్చునని ఇంటర్ రసాయన శాస్త్రం చదివిన వారందరికీ తెలుసు. పాఠ్యపుస్తకంలో అది నాలుగు పంక్తుల లెక్క. తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి మిద్దె మీది గదిలో అదే లెక్క నాకు తొమ్మిది విడతలు పట్టింది, వాటిలో నాలుగు పూర్తిగా పాడయ్యాయి. ఈ పని తలపెట్టే మరొకరికి ఆ నాలుగూ తప్పిపోవాలని ఈ డైరీ రాస్తున్నాను.

లెక్క ఇది. రాగి పరమాణువులో 29 ప్రోటాన్లు, 29 ఎలక్ట్రాన్లు ఉంటాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేటు) నీటిలో కరిగినప్పుడు రాగి రెండు ఎలక్ట్రాన్లు తక్కువైన అయాన్‌గా, అంటే 27 ఎలక్ట్రాన్లతో ఉంటుంది. ఆ అయాన్ కాథోడ్ (రుణ ధ్రువానికి కలిపిన రేకు) దగ్గర రెండు ఎలక్ట్రాన్లను అందుకుని లోహంగా మారి రేకుకు అంటుకుంటుంది. కేంద్రకానికి ఇందులో ఏ పాత్రా లేదు. కాబట్టి:

ఎలక్ట్రాన్ ఆవేశం = (కరెంటు × కాలం × పరమాణుభారం) ÷ (2 × అవగాడ్రో సంఖ్య × పేరిన బరువు)

రాగి పరమాణుభారం 63.546, అవగాడ్రో సంఖ్య, అంటే ఒక మోల్ పదార్థంలోని పరమాణువుల లెక్క, 6.022 × 10²³. రావలసిన జవాబు 1.602 × 10⁻¹⁹ కూలుంబులు (కూలుంబు ఆవేశానికి కొలమానం).

మొదటి దశ: బోరు నీళ్లు, ఫోను చార్జరు

మైలుతుత్తం కోసం రసాయనాల దుకాణానికి పోలేదు. మామిడి తోటలకు బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు కలుపుకునే రైతుల కోసం చంద్రగిరిలోని ఎరువుల అంగడిలో కిలో పొట్లాలు అమ్ముతారు. పనికి అది చాలునని ఇప్పటికీ అంటాను, అయితే వడకట్టాలి. పొట్లం అడుగున ఇసుకా, తుప్పు రంగు పొడీ చెంచాడు వచ్చాయి.

మొదటి విడతలో చేసినది:

1. అర లీటరు బోరు నీటిలో 75 గ్రాముల మైలుతుత్తం కలిపాను.
2. 2.5 సెంటీమీటర్ల వెడల్పున్న రెండు రాగి రేకులను 8 సెంటీమీటర్ల లోతు ముంచాను.
3. పాత ఫోను చార్జరు తీగ కోసి, మల్టీమీటరును వరుసలో పెట్టి నేరుగా కలిపాను.

పది నిమిషాలు గడవకముందే ద్రావణం తేటదనం పోయి, సున్నపు నీరు కలిసినట్టు మసకబారింది. మా బోరు నీరు ఎంత గట్టిదంటే టీ కాచే గిన్నెకు నెల తిరిగేసరికి తెల్లటి చార కడుతుంది. ఆ నీటిలోని బైకార్బొనేటు కొంత రాగిని లేత నీలి మడ్డిగా దించేసింది. కాథోడ్ మీద గులాబీ రంగు లోహానికి బదులు ముదురు గోధుమ రంగు పొడి పేరింది. కడగడానికి రేకును నీటిలో ముంచగానే సగం పొడి ఊడి అడుగుకు పోయింది. కరెంటు 0.31 ఆంపియర్ల దగ్గర మొదలై నలభై నిమిషాల్లో 0.19కి దిగింది. బరువూ తెలియక కరెంటూ నిలవక, ఈ విడతకు లెక్క కట్టలేదు.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,330 (మైలుతుత్తం 420, రాగి రేకు 260, మల్టీమీటరు 650). ప్రవహించిన ఆవేశం సుమారు 600 కూలుంబులు. పనికొచ్చిన ఫలితాలు లేవు.

రెండో దశ: కరెంటును నిలబెట్టడం

మార్చినవి మూడు. బోరు నీటికి బదులు ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు తెచ్చాను. ద్రావణం ఆమ్లంగా ఉంటే మడ్డి దిగదు కాబట్టి, లీటరుకు 50 మిల్లీలీటర్ల బ్యాటరీ యాసిడ్ కలిపాను. (యాసిడ్‌ను నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని చేయవద్దు.) మూడోది, చార్జరును పక్కన పెట్టి 12 వోల్టుల అడాప్టరుకు ఎల్‌ఎం 317 అనే చిన్న రెగ్యులేటరు చిప్పును తగిలించాను. ఈ చిప్పు తన రెండు కాళ్ల మధ్య ఎప్పుడూ 1.25 వోల్టులు ఉండేలా చూసుకుంటుంది. ఆ కాళ్ల మధ్య 6.2 ఓముల నిరోధకం పెడితే, ద్రావణం వేడెక్కినా రేకులు మందమైనా కరెంటు 0.2 ఆంపియర్ల దగ్గరే నిలుస్తుంది. చిప్పుకు అల్యూమినియం రేకు తొడగకపోతే అది చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది.

రెండో విడత సరిగ్గా గంట నడిపాను. 0.2 ఆంపియర్లు, 3,600 సెకన్లు, 720 కూలుంబులు. కాథోడ్ మీద ఈసారి లేత గులాబీ రంగు పొర సమంగా కుదిరింది, గోటితో గీసినా ఊడలేదు. చూపులకు అంతా బాగుంది, చెడింది తూకంలో. నా దగ్గరున్నది వంటింటి త్రాసు, 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. మూడుసార్లు తూస్తే పెరిగిన బరువు ఒకసారి 0.22, రెండుసార్లు 0.24 గ్రాములు. 0.22తో కడితే ఆవేశం 1.727 × 10⁻¹⁹, 0.24తో కడితే 1.583 × 10⁻¹⁹. అసలు విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. ఒక రేకు బరువులోంచి మరో బరువు తీసివేసి చిన్న తేడాను పట్టుకునే లెక్కలో త్రాసు ఆఖరి అంకె ఎంత పని చేస్తుందో ఆ రోజే అర్థమైంది. ఈ త్రాసుతోనే పని కానివ్వాలనుకునేవారు కనీసం పది గంటలు నడపాలి.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,810. ఆవేశం సుమారు 1,320 కూలుంబులు. పనికొచ్చిన ఫలితాలు లేవు.

మూడో దశ: గాంధీ రోడ్డు త్రాసు

మిల్లీగ్రాము చూపే త్రాసు కొనడం కంటే, మిల్లీగ్రాములతోనే బతికేవారి దగ్గరికి వెళ్లడం మేలనిపించింది. గాంధీ రోడ్డు పక్క సందులో బంగారం పని చేసే ఒక ఆచారి గారు మా ఇంటికి పాత పరిచయం. ఆయన త్రాసుకు గాజు మూత ఉంది, 0.001 గ్రాము దాకా చూపిస్తుంది. రేకును పళ్లెంలో పెట్టి నేను తొందరపడి అంకె రాసుకోబోతుంటే ఆయన ఆపారు. "సార్, ముందు ఆ ఫ్యాను ఆపండి. ఆపకుంటే ఆఖరి అంకె నిలవదు" అన్నారు. ఫ్యాను ఆపాక మూడో అంకె నిజంగానే నిలిచింది. అప్పటి నుంచి ప్రతి తూకమూ ఫ్యాను ఆపి, మూత దించి, మూడుసార్లు తీసి పెట్టి రాసుకున్నవే.

కరెంటును కొలిచే పద్ధతి కూడా మార్చాను. మల్టీమీటరులో 10 ఆంపియర్ల గురి (రేంజి) మీద కరెంటు 0.21 అని చూపిస్తుంది, ఆ గురిలో రెండో దశాంశ స్థానానికి మించి అంకె లేదు. అందుకని 1 శాతం ఖచ్చితత్వం గల 1 ఓము నిరోధకాన్ని వరుసలో పెట్టి, దాని మీద వోల్టేజిని మిల్లీవోల్టుల గురిలో చూశాను. 201.3 మిల్లీవోల్టులు వచ్చింది, అంటే 0.2013 ఆంపియర్లు. ఇక ప్రతి విడతా 5,400 సెకన్లు, అంటే 1,087 కూలుంబులు. సిద్ధాంతం ప్రకారం పేరవలసిన రాగి 0.358 గ్రాములు.

మూడో విడతలో పేరినది 0.371 గ్రాములు. ఉండవలసినదానికంటే 13 మిల్లీగ్రాములు ఎక్కువ! లేని రాగి ఎక్కడి నుంచి వచ్చిందో రెండు రోజులు తెలియలేదు. ఆరబెట్టే తీరును మొదటి నుంచి తిరిగి రాసుకుంటూ పోతే దొరికింది. రేకు త్వరగా ఆరుతుందని ఇంట్లో మిగిలిన చేతి శానిటైజరుతో కడిగాను. అందులో చర్మం పొడిబారకుండా గ్లిజరిన్ వేస్తారు, స్పిరిట్ ఆవిరైపోయినా గ్లిజరిన్ పోదు. పైగా ఆ రేకును మిద్దె మీద ఎండలో పెట్టాను. మే నెల తిరుపతి ఎండలో తడి రాగి గులాబీ రంగులో ఎంతసేపు ఉంటుంది? అంచులు అప్పటికే ఇటుక రంగుకు తిరిగి ఉన్నాయి, అంటే కొంత ఆక్సిజన్‌ను కూడా నేను రాగి కింద తూచాను.

ఆ తరువాత కుదిరిన పద్ధతి ఇది, ఇందులో ఏ మెట్టూ వదలవద్దు:

1. స్విచ్ ఆపిన వెంటనే కాథోడ్‌ను పైకి తీయాలి. ద్రావణంలో వదిలితే పేరిన రాగి తిరిగి కరగడం మొదలవుతుంది.
2. డిస్టిల్డ్ వాటరున్న రెండు గ్లాసుల్లో ఒకదాని తరువాత ఒకదానిలో ముంచాలి. కొళాయి కింద పెట్టకూడదు.
3. శుద్ధమైన ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ఒకసారి ముంచాలి.
4. నీడలో, ఫ్యాను గాలికి పావుగంట నిలబెట్టాలి. గుడ్డతో తుడవకూడదు.
5. అంచు పట్టుకుని మూత గల డబ్బాలో పెట్టి తూకానికి తీసుకుపోవాలి. నేను వాడినది మిఠాయి డబ్బా. లోపల కాగితం మార్చకపోతే చక్కెర అంటుకుంటుంది.

నాలుగో విడతలో కాథోడ్ 0.352 గ్రాములు పెరిగింది, ఆనోడ్ (ధన ధ్రువానికి కలిపిన రేకు) 0.366 గ్రాములు తగ్గింది. కాథోడ్ లెక్కన ఆవేశం 1.629 × 10⁻¹⁹, ఆనోడ్ లెక్కన 1.567 × 10⁻¹⁹. రెండింటి సగటు తీస్తే 1.598 వస్తుంది, అసలు విలువకు వెంట్రుకవాసి దూరం. ఆ సగటు చూసి నేను ఒక సాయంత్రమంతా సంతోషించాను, మరునాడు కొట్టేశాను. రెండు వైపుల తప్పులూ ఒకే జాతివి అయితేనే సగటుకు అర్థం ఉంటుంది. కాథోడ్ దగ్గర బరువు తగ్గడానికి కారణం, ద్రావణంలోని రాగి అయాన్ కొంత లోహపు రాగితో కలిసి ఒకే ధనావేశం గల అయాన్‌గా మారడం, గాలిలోంచి కరిగిన ఆక్సిజన్ కొంత లోహాన్ని తినడం. ఆనోడ్ దగ్గర వీటికి తోడు, చిన్న చిన్న రేణువులు కరగకుండానే ఊడి అడుగుకు పడిపోతాయి. బీకరు అడుగున అవి కంటికి కనిపించాయి కూడా. ఆ రేణువులు ఏ ఎలక్ట్రాన్‌నూ ఇవ్వకుండా వెళ్లిపోయినవి, వాటిని లెక్కలో కలపకూడదు. అందుచేత ఆనోడ్ బరువును ఇకమీదట నమ్మలేదు.

రాగి తిరిగి కరగడం రేకు విస్తీర్ణాన్ని బట్టి ఉంటుంది, పేరడం కరెంటును బట్టి ఉంటుంది. అందువల్ల ఐదో విడతలో మునిగే భాగాన్ని 40 చదరపు సెంటీమీటర్ల నుంచి 16కు తగ్గించాను. చదరపు సెంటీమీటరుకు కరెంటు 5 మిల్లీ ఆంపియర్ల నుంచి 12.6కు పెరిగింది. ఇంకా తగ్గిస్తే మొదటి విడతలోలాగా పొడి పేరుతుంది. బీకరుకు మూత వేసి, తెల్లవారుజామున చల్లటి వేళ నడిపాను. కాథోడ్ 0.356 గ్రాములు పెరిగింది. ఆవేశం 1.611 × 10⁻¹⁹, అసలుకంటే 0.55 శాతం ఎక్కువ.

ఆ 0.356 గ్రాముల రాగిలో ఉన్నవి 3.37 × 10²¹ పరమాణువులు. ఒక్కొక్క దానిలో 29 ఎలక్ట్రాన్ల చొప్పున లెక్కవేస్తే, గోటి కింద దాగే ఆ పొరలో సుమారు 15,700 కూలుంబుల రుణావేశం, ప్రోటాన్లలో సరిగ్గా అంతే ధనావేశం ఉన్నాయి. నా అడాప్టరు గంటన్నర పాటు శ్రమించి పంపినది 1,087 మాత్రమే. అంత ఆవేశం అరచేతిలో ఉన్నా వెంట్రుక కూడా కదలకపోవడానికి కారణం, ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఆవేశాల పరిమాణాలు సమానం కావడం. ఆ సమానత్వాన్ని 10²¹లో ఒక వంతు సూక్ష్మత దాకా పరీక్షించి చూశారు.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 2,150. ఆవేశం 4,581 కూలుంబులు. విడతలు ఐదు, నమ్మదగినది ఒకటి.

నాలుగో దశ: ఆ "2" ఎక్కడిది?

ఐదో విడత రాసి ముగించేవాడినే. ఇంటర్ చదివే ఒక అమ్మాయి నా లెక్క చూసి, "సార్, కింద రెండు ఎందుకు వేశారు? ఒకటి వేస్తే జవాబు రెట్టింపు వస్తుంది కదా, అదే తప్పని ఈ ప్రయోగం ఎలా చెప్పింది?" అని అడిగింది. నిజానికి ప్రయోగం చెప్పలేదు. ఆ రెండును నేను పుస్తకంలోంచి తెచ్చి పెట్టాను. రాగి ఒక్కదానితో ఎన్ని విడతలు చేసినా అది బయటపడదు. ఒకే ఎలక్ట్రాన్ తీసుకునే మరో లోహాన్ని అదే కరెంటు దారిలో పెట్టి పోల్చాలి. ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే 1830లలో చేసిన పని సారాంశం ఇదే: ఒకే ఆవేశం వేరువేరు ద్రావణాల గుండా పోతే, విడుదలైన పదార్థాల బరువులు ఒక స్థిరమైన నిష్పత్తిలో ఉంటాయి. అప్పటికి ఎలక్ట్రాన్ అనే మాటే లేదు, ఆ పేరు ఐరిష్ భౌతిక శాస్త్రవేత్త స్టోనీ 1891లో పెట్టాడు, ఆ కణం 1897లో ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త థామ్సన్ చేతికి చిక్కింది.

వెండిని ఎంచుకున్నాను. వెండి అయాన్‌కు ఒకే ధనావేశం, పరమాణుభారం 107.868 కాబట్టి తక్కువ కరెంటుకే ఎక్కువ బరువు పేరుతుంది, తూకంలో తప్పు తగ్గుతుంది. సిల్వర్ నైట్రేట్ 10 గ్రాములు, ఆనోడ్ కోసం 99.9 శాతం వెండి రేకు పట్టీ కొన్నాను. ఖర్చులో సగం ఇక్కడే అయింది.

మొదటి అడ్డంకి నీరు. రాగికి పనికొచ్చిన బ్యాటరీ నీటిలో ఒక చుక్క సిల్వర్ నైట్రేట్ వేయగానే, పాలలో నిమ్మరసం పడ్డట్టు తెల్లటి తెర దిగింది. నీటిలో క్లోరైడు ఉందన్నమాట. మరో అంగడిలో కొన్న డబ్బాలోని నీరు తేటగా నిలిచింది. మీ నీటిని కూడా ముందు ఒక చుక్కతో పరీక్షించండి, పది గ్రాములూ పోశాక ఏడవవద్దు. సిల్వర్ నైట్రేట్ చర్మానికి తగిలితే నల్లటి మచ్చ పడి వారం దాకా పోదు, కంటికి తగిలితే ప్రమాదం.

ఆరో విడతలో సన్నటి వెండి పట్టీని కాథోడ్‌గా ముంచాను. పావుగంటలో దాని అంచుల నుంచి మెరిసే సూదులు ఆనోడ్ వైపు పెరగసాగాయి. అవి చూడడానికి చక్కగా ఉన్నాయి, కానీ తూకానికి పనికిరావు. పట్టీని పైకి తీస్తుంటే సగం రాలిపోయాయి. 25 నిమిషాల దగ్గర ఆపేశాను.

దీనికి పరిష్కారం పాతదే. పేరిన వెండి బరువుతో కరెంటును కొలిచే పాత పరికరాలైన వెండి వోల్టామీటర్లలో కాథోడ్‌నే గిన్నెగా చేసి, ద్రావణాన్ని అందులోనే పోసేవారు. సూదులు రాలినా గిన్నెలోనే ఉంటాయి, గిన్నెతో సహా తూచవచ్చు. వారిది ప్లాటినం గిన్నె. మా ఇంట్లో వెండి గిన్నె ఒకటే ఉంది: నేను పసివాడిగా ఉన్నప్పుడు అమ్మ నాకు ఉగ్గు పెట్టిన గిన్నె. అడిగితే, "దాంట్లో ఇంక ఉగ్గు పెట్టే పని లేదు గానీ, పోగొట్టినావంటే మాత్రం ఊరుకోను" అంది. ఆ గిన్నె ఇక ఎప్పటికీ తిండికి వాడకూడదని అమ్మకు ముందే చెప్పాను. ఎవరైనా ఇలా చేస్తే అదే నియమం పాటించాలి.

అమరిక:

1. నిరోధకాన్ని 25 ఓములకు మార్చి కరెంటును 50 మిల్లీ ఆంపియర్ల దగ్గరికి దించాను. వరుసలో ఉన్న 10 ఓముల నిరోధకం మీద 0.498 వోల్టులు, అంటే 0.0498 ఆంపియర్లు.
2. ఉగ్గుగిన్నెలో 65 మిల్లీలీటర్ల సిల్వర్ నైట్రేట్ ద్రావణం పోసి, వెండి ఆనోడ్‌కు వడపోత కాగితం చుట్టి మధ్యలో వేలాడదీశాను. ఆనోడ్ నుంచి రాలే నల్లటి మడ్డి ఆ కాగితంలోనే ఆగుతుంది.
3. అదే తీగలో, దాని తరువాత రాగి బీకరును కలిపాను. రాగి కాథోడ్ మునిగే భాగం 4 చదరపు సెంటీమీటర్లు.
4. రెండు గంటలు, 7,200 సెకన్లు, 358.6 కూలుంబులు.

ఏడో విడతలో గిన్నె 0.411 గ్రాములు పెరిగింది. రావలసినది 0.401. ఈసారి శానిటైజరు లేదు, ఎండ లేదు, గ్లిజరిన్ లేదు. మూడు రోజుల తరువాత ద్రావణాన్ని తెల్ల కాగితం మీద పెట్టి పైనుంచి చూస్తే, దానిలో లేత నీలి ఛాయ ఉంది. వెండి ద్రావణంలో నీలం ఉండడానికి వీలులేదు, అది రాగి రంగు. గిన్నె మేలిమి వెండి కాదు, గట్టిదనం కోసం రాగి కలిపిన వెండి. గిన్నె ఉపరితలం మీది రాగి పరమాణువు ఒకటి కరిగినప్పుడల్లా, దాని రెండు ఎలక్ట్రాన్లను రెండు వెండి అయాన్లు పంచుకుని లోహంగా మారి గిన్నెకే అంటుకుంటాయి. పోయేది 63.5 వంతులు, వచ్చి చేరేది 215.7 వంతులు. అడాప్టరు ప్రమేయం లేకుండానే బరువు పెరుగుతుంది. అనుమానం తీర్చుకోవడానికి అదే రకం వెండితో చేసిన పాత కాలి పట్టీ ముక్కను కరెంటు లేకుండా కొంచెం ద్రావణంలో రెండు గంటలు ఉంచితే, 4 మిల్లీగ్రాములు పెరిగింది.

దీనికి మందు ఆ తప్పులోనే ఉంది. ఏడో విడత పూర్తయ్యేసరికి గిన్నె లోపలి భాగమంతా శుద్ధమైన వెండి పొర కప్పుకుంది. కొత్త ద్రావణం పోసి, కరెంటు లేకుండా రెండు గంటలు ఉంచి తూచాను: తేడా సున్నా. అప్పుడు ఎనిమిదో విడత నడిపాను.

ఎనిమిదో విడత: వెండి 0.399 గ్రాములు, రాగి 0.117 గ్రాములు.

పరమాణుభారాలతో భాగిస్తే వెండి 0.003699 మోల్, రాగి 0.001841 మోల్. నిష్పత్తి 2.009. అంటే ఒక రాగి పరమాణువు పేరిన సమయంలో రెండు వెండి పరమాణువులు పేరాయి. ఈ అంకెలో కరెంటు లేదు, గడియారం లేదు, మల్టీమీటరు లేదు. రెండు తూకాలు మాత్రమే ఉన్నాయి. రాగి తూకంలో ఒక మిల్లీగ్రాము తేడా 0.85 శాతం కాబట్టి, 2.009 అన్నది 2 అనే చెప్పాలి. ఒకటిన్నర కాదు, రెండుంపావు కాదు. ప్రోటాన్ లోపలి క్వార్కులనే కణాలకు మూడింట రెండు వంతులు, మూడో వంతు ఆవేశాలు ఉంటాయి గాని, అవి విడిగా బయటపడిన దాఖలా లేదు. బీకరులోకి వచ్చే అయాన్ల ఆవేశాలన్నీ పూర్ణ సంఖ్యలే. ఆ అమ్మాయికి ఈ పుట చూపించాను. "మరి వెండికి ఒకటే అని ఎలా తెలుసు?" అంది. నిజమే, వెండి రెండు, రాగి నాలుగు అయినా ఇదే నిష్పత్తి వస్తుంది.

ఈ ప్రయోగం దాటలేని గోడ అది. విద్యుద్విశ్లేషణ కోటానుకోట్ల ఎలక్ట్రాన్లను ఒకేసారి తూచి, సగటు చెబుతుంది. ప్రతి ఎలక్ట్రాన్ ఆవేశమూ ఒక్కటేనా, లేక కొన్ని ఎక్కువ కొన్ని తక్కువా అన్నది బీకరుకు తెలియదు. అమెరికా భౌతిక శాస్త్రవేత్త మిలికన్ 1909 నుంచి చేసిన నూనె చుక్కల ప్రయోగం విలువ అక్కడ ఉంది. ఒకే చుక్కను విద్యుత్ క్షేత్రంలో గంటల తరబడి పైకీ కిందికీ నడిపిస్తూ, దాని ఆవేశం మారినప్పుడల్లా ఒకే పరిమాణపు గుణిజాలుగానే మారుతుందని ఆయన చూపించాడు. ఆయనకు వచ్చిన విలువ 1.592 × 10⁻¹⁹, నేటి విలువకంటే కొంచెం తక్కువ. తప్పు చుక్కలలో లేదు, ఆయన వాడిన గాలి స్నిగ్ధత (జిగట) విలువ కొంచెం తక్కువగా ఉంది.

ఐదో దశ: తప్పు ఎవరిది?

మిలికన్ సంగతి చదివాక నా అంకెలను మళ్లీ వరుసగా పెట్టాను. ఐదో విడత రాగి 0.55 శాతం ఎక్కువ. ఎనిమిదో విడత వెండి 1.610 × 10⁻¹⁹, 0.47 శాతం ఎక్కువ. తొమ్మిదో విడతలో వెండి 0.398 గ్రాములు పేరింది, ఆవేశం 1.614, 0.7 శాతం ఎక్కువ. లోహాలు వేరు, నిరోధకాలు వేరు, ద్రావణాలు వేరు, అయినా తప్పు ఒకే వైపు, దాదాపు ఒకే మోతాదులో ఉంది. అన్నింటిలోనూ ఉన్నది మల్టీమీటరు ఒక్కటే.

నిజానికి 2019 మే 20 నుంచి ఎలక్ట్రాన్ ఆవేశం కొలిచే రాశి కాదు. ఆ రోజు నుంచి అది సరిగ్గా 1.602176634 × 10⁻¹⁹ కూలుంబులని నిర్వచించి, దాని నుంచి ఆంపియర్‌ను రాబడుతున్నారు. అంతకు చాలా ముందు, 1908 నుంచి 1948 దాకా, అంతర్జాతీయ ఆంపియర్ అంటే సిల్వర్ నైట్రేట్ ద్రావణం నుంచి సెకనుకు 1.118 మిల్లీగ్రాముల వెండిని పేర్చే కరెంటు అని ఉండేది. నా ఉగ్గుగిన్నె ఆ లెక్కన ఆంపియర్ కొలమానమే. ఎనిమిదో విడతలో కూలుంబుకు 1.113 మిల్లీగ్రాములు పేరింది. ఎలక్ట్రాన్‌ను కాక నా మీటరును పరీక్షకు పెట్టినట్టు చూస్తే, మీటరు దాదాపు అర శాతం ఎక్కువ చూపిస్తోంది.

తెలిసిన ఒక అధ్యాపకుడి ద్వారా ఒక కళాశాల ప్రయోగశాలలోని మంచి మీటరును అరగంట వాడుకోనిచ్చారు. 10 ఓముల నిరోధకం నిజంగానే 10.00 ఓములు. నా మీటరు 0.498 చూపిన చోట ఆ మీటరు 0.4955 చూపింది. నిష్పత్తి 0.995.

సరిదిద్దిన ఫలితాలు (10⁻¹⁹ కూలుంబులలో):

ఐదో విడత, రాగి: 1.603
ఎనిమిదో విడత, వెండి: 1.602
ఎనిమిదో విడత, రాగి: 1.609
తొమ్మిదో విడత, వెండి: 1.606

ఎనిమిదో విడత రాగి మిగతావాటికంటే దూరంగా ఉండడానికి కారణం బరువు చిన్నది కావడమే. మరొకసారి చేస్తే రాగి బీకరును నాలుగు గంటలు నడుపుతాను.

మొత్తం: ఖర్చు రూ. 4,200. ప్రవహించిన ఆవేశం 5,732 కూలుంబులు, అంటే సుమారు 3.58 × 10²² ఎలక్ట్రాన్లు. విడతలు తొమ్మిది.

మిగిలిన ద్రావణాలను కాలువలో పోయకూడదు, రాగి చేపలకు విషం. మైలుతుత్తం బీకరులో గిన్నెలు తోమే ఉక్కు పీచు వేసి రెండు రోజులు ఉంచితే రాగి ఎర్రటి పొడిగా దిగుతుంది, నీలం పోతుంది. వెండి ద్రావణంలో ఉప్పునీరు పోసి, దిగిన తెల్లటి మడ్డిని వడకట్టి నల్ల సీసాలో దాచాను, ఆచారి గారు దానిలోంచి వెండి తీసి ఇస్తానన్నారు. మల్టీమీటరు వెనుక "చూపినదాన్ని 0.995తో హెచ్చించు" అని చీటీ అంటించాను. ఉగ్గుగిన్నె 1.208 గ్రాములు బరువెక్కి, లోపల సున్నం వేసిన గోడలాగా తెల్లగా, మెరుపు లేకుండా ఉంది. అమ్మ దాన్ని వెలుతురులో తిప్పి చూసి, చింతపండుతో తోమనా అని అడుగుతోంది. ఇంకొక విడత మిగిలి ఉందని చెప్పి ఆపాను.